చిన్న కంప్యూటరు డబ్బా, అందులోని కరెంటు పెట్టె కథ

ఈ ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం వ్రాయమని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు, నేను ఏ కాకతీయుల గురించో, నిజాం కాలపు రెవెన్యూ దస్తావేజుల గురించో వ్రాస్తానని వారు అనుకొని ఉంటారు. ముప్ఫై నాలుగేళ్ళు గుమాస్తాగా కాగితాల మధ్య గడిపి 2007లో పదవీ విరమణ చేసిన నావంటివాడు కంప్యూటరు లోపలి ఇనుప పెట్టె గురించి వ్రాయడం కొందరికి వింతగా తోచవచ్చు. కాని గత నవంబరులో మన సంఘ కార్యాలయంలో జరిగినది సభ్యులలో చాలామందికి తెలుసు. నాలుగు రోజుల పాటు లైఫ్ సర్టిఫికెట్ల పని ఆగిపోయింది. ఆ ఆగడానికి కారణం నేను. ఎందుకు ఆగిందో తెలుసుకోబోతే యాభై ఏళ్ళ చరిత్ర బయటపడింది. దానినే ఇక్కడ మనవి చేసుకుంటున్నాను.

జరిగిన సంగతి

మన కార్యాలయంలో ఉన్నది ఒక సభ్యుని కుమారుడు దయతో ఇచ్చిన చిన్న కంప్యూటరు. పుస్తకాల బీరువాలో ఒక అరలో ఇమిడిపోయేంత డబ్బా. 2014 నవంబరు 10న కేంద్ర ప్రభుత్వం జీవన్ ప్రమాణ్ పద్ధతిని ప్రారంభించిన తరువాత, వేలిముద్ర వేసి బ్రతికి ఉన్నామని నిరూపించుకునే సౌకర్యం మనకు వచ్చింది. ఆ పని మన కార్యాలయంలో ఈ చిన్న డబ్బా మీదనే జరుగుతున్నది. గత నవంబరు రెండవ వారంలో ఒక ఉదయం స్విచ్చి వేస్తే అది పలకలేదు. వచ్చి చూసిన కుర్రవాడు "ఎస్.ఎం.పి.ఎస్. పోయింది తాతగారూ, కొత్తది తెస్తే అరగంటలో బిగిస్తాను" అన్నాడు.

తెచ్చే పని నేను నెత్తిన వేసుకున్నాను. మన ఊరి దుకాణంలో "ఏ సైజు?" అని అడిగారు. "మామూలుదే" అన్నాను. "ప్లగ్గులు సరిపోతాయా?" అని మాత్రం అడిగాను. సరిపోతాయన్నారు. వారు చెప్పినది నిజమే. అడగవలసిన ప్రశ్న నేను అడగలేదు. 450 వాట్లు అని పెద్ద అక్షరాలతో వ్రాసి ఉన్న పెట్టెను సంఘం డబ్బుతో కొని తీసుకొచ్చాను. ప్లగ్గు చక్కగా పట్టింది. పెట్టె మాత్రం డబ్బాలో పట్టలేదు.

అప్పటికే వరండాలో పదిమంది కూర్చొని ఉన్నారు. వారిలో ఎనభై దాటిన ఒక ఫ్యామిలీ పెన్షనరు అమ్మగారు పల్లె నుంచి ఆటో కట్టించుకొని వచ్చారు. ఆమెను వెనక్కి పంపడం ఇష్టం లేక, మూత తీసి, పెట్టెను బయట బల్ల మీద ఉంచి, తీగలు వ్రేలాడుతుండగానే పని మొదలుపెట్టించాను. ముగ్గురి పని అయింది. నాలుగవ వారు లేచేటప్పుడు చేతికర్ర తీగకు తగిలింది. పెట్టె బల్ల మీదినుంచి క్రింద పడింది. కంప్యూటరు ఆగిపోయింది. భగవంతుని దయవల్ల ఎవరికీ షాక్ కొట్టలేదు. ఆ అమ్మగారి వంతు రానే లేదు. ఆమె మళ్ళీ ఆటో ఎక్కి వెళ్ళిపోయారు.

బ్యాటరీ ఎలిమినేటరు నుంచి

ఈ పెట్టె చేసే పని మనకు కొత్తది కాదు. పూర్వం ట్రాన్సిస్టర్ రేడియోకు సెల్లులు కొనలేక బ్యాటరీ ఎలిమినేటరు పెట్టుకున్నవాళ్ళం మనం. గోడలో వచ్చే 230 వోల్టుల కరెంటు అటూ ఇటూ ఊగే కరెంటు. రేడియోకు కావలసినది ఒకే దిశలో పోయే కొద్దిపాటి వోల్టేజి. ఆ మార్పు చేసేదే ఎలిమినేటరు. కంప్యూటరు లోపలి పెట్టె కూడా అదే పని చేస్తుంది. 230 వోల్టులను 12, 5, 3.3 వోల్టులుగా మార్చి పంచుతుంది.

తొలినాళ్ళలో చాలా యంత్రాలలో ఈ పనికి బరువైన ఇనుప ట్రాన్స్‌ఫార్మరు వాడేవారు. గోడలోని కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. అంత నెమ్మదిగా ఊగే కరెంటును మార్చాలంటే పెద్ద ఇనుప దిమ్మ కావాలి. పైగా ఎక్కువైన వోల్టేజిని వేడిగా మార్చి పారవేయడమే దాని పద్ధతి. తీసుకున్న కరెంటులో సగం వరకు వేడి క్రిందనే పోయేది.

తరువాత వచ్చినది స్విచింగ్ పద్ధతి. ఎస్.ఎం.పి.ఎస్. అంటే స్విచ్ మోడ్ పవర్ సప్లై అని అర్థం. దీనిలో కరెంటును ముందుగా ఒకే దిశలోకి మార్చి, తరువాత సెకనుకు వేలు, లక్ష సార్లు ముక్కలు ముక్కలుగా కోస్తారు. బావిలో నీళ్ళు తోడే ఉపమానం చెబుతాను. గంటకు ఒకసారి మాత్రమే తోడితే పెద్ద గంగాళం కావాలి, దానికి తగిన గిలక, మోకు, ఇద్దరు మనుషులు కావాలి. క్షణక్షణానికీ తోడితే చిన్న చెంబు చాలు. తొట్టి నిండేది ఒక్కటే. వేగం పెరిగినకొద్దీ చెంబు చిన్నదవుతుంది. కంప్యూటరు చిన్నదవడానికి ఇది ఒక ముఖ్యమైన రహస్యం.

ఈ పద్ధతిని కనిపెట్టినవాడు ఒక్కడే అని చెప్పలేము. 1950ల నాటి పెద్ద కంప్యూటర్లలోనే దీని ఛాయలున్నాయి. చంద్రుని మీదికి వెళ్ళిన అపోలో నౌకల కంప్యూటరులోనూ వాడారు. అమెరికాలో రాబర్ట్ బాషర్ట్ అనే ఇంజనీరు 1970లో ఉద్యోగం మాని, తన ఇంటి వంటగది బల్ల మీదనే ఇటువంటి పెట్టెలు తయారుచేయడం మొదలుపెట్టాడు. వేగంగా పనిచేయగల ట్రాన్సిస్టర్లు చవకగా దొరకడంతో అది సామాన్యుల వస్తువులలోకి వచ్చింది.

1977లో ఆపిల్ టూ కంప్యూటరు వచ్చింది. దానిలో ఫ్యాను రొద ఉండకూడదని స్టీవ్ జాబ్స్ పట్టుబట్టారు. ఫ్యాను లేకుండా ఉండాలంటే పెట్టె వేడెక్కకూడదు. రాడ్ హోల్ట్ అనే ఇంజనీరు 38 వాట్ల స్విచింగ్ పెట్టెను తయారుచేశాడు. మిగిలిన కంపెనీలన్నీ దీనినే చూసి నేర్చుకున్నాయని జాబ్స్ తరువాత చెప్పుకున్నారు. చరిత్ర పరిశీలించిన వారు దానిని ఒప్పుకోలేదు. ఆ మార్గం అప్పటికే చాలామంది నడుస్తున్నదే. ఫైలు పదిచేతులు మారి వచ్చినా చివర సంతకం పెట్టినవారి పేరే నిలుస్తుందని మనకు ఎవరూ చెప్పనవసరం లేదు.

ఎర్ర స్విచ్చి

1981 ఆగస్టు 12న ఐ.బి.ఎం. వారి పర్సనల్ కంప్యూటరు విడుదలైంది. దాని కరెంటు పెట్టె 63.5 వాట్లది. 1983లో ఎక్స్.టి. వచ్చేసరికి 130 వాట్లు, 1984లో ఏ.టి. వచ్చేసరికి 192 వాట్లు అయింది. మూడేళ్ళలో మూడింతలు. ఇతర కంపెనీలు ఆ ఏ.టి. నమూనాను అనుసరించి తయారుచేయడంతో, ఎవరి పెట్టె అయినా ఎవరి డబ్బాలోనైనా పట్టే పరిస్థితి మెల్లగా ఏర్పడింది.

1990లలో మన ఆఫీసులకు వచ్చిన కంప్యూటర్లలో ఎక్కువ భాగం ఈ ఏ.టి. సంతతివే. చెక్క క్యాబిన్, ఏ.సి., గుమ్మం బయట చెప్పులు, పక్కన స్టెబిలైజరు, కరెంటు పోతే కూతపెట్టే యు.పి.ఎస్. మీకందరికీ జ్ఞాపకం ఉండే ఉంటుంది. ఆ రోజులలో కరెంటు పెట్టె నుంచి బోర్డుకు రెండు ప్లగ్గులు వెళ్ళేవి. రెండూ పక్కపక్కనే పెట్టాలి. తారుమారు చేసి పెట్టినా పట్టేవి, కాని బోర్డు కాలిపోయేది. అందుకని మెకానిక్కులు "నల్ల తీగలు నడిమికి" అని గుర్తుపెట్టుకునేవారు. రెండు ప్లగ్గులనూ కలిపి పెడితే నల్ల తీగలు నాలుగూ మధ్యన రావాలి.

పెట్టె వెనుక మరొక ప్రమాదం ఉండేది. ఒక చిన్న ఎర్ర స్విచ్చి. ఒక వైపు 230, మరొక వైపు 115. అమెరికా వంటి దేశాలలో గోడకరెంటు వోల్టేజి మనదానిలో సగమే కనుక, ఒకే పెట్టె రెండు చోట్లా పనికిరావాలని ఆ ఏర్పాటు. మన దేశంలో అది ఎప్పుడూ 230 మీదనే ఉండాలి.

ఇక్కడ నా స్వంత విషయం ఒకటి చెప్పాలి. 1996లో నేను పనిచేసే ఆఫీసులో ఇన్‌స్పెక్షన్ ఉందని ఒక శనివారం సాయంత్రం కంప్యూటరు వెనుక దుమ్ము దులుపుతూ ఆ ఎర్ర స్విచ్చిని చూశాను. ఇదేమిటోనని పెన్ను మొనతో జరిపాను. టక్కుమని 115 కనిపించింది. వెనక్కి జరపాలని తోచలేదు. సోమవారం ఉదయం దినసరి కూలి మీద పనిచేసే ఆపరేటరు కుర్రవాడు స్విచ్చి వేయగానే పెద్ద చప్పుడు, పొగ, కాలిన వాసన. రెట్టింపు వోల్టేజి లోపలికి పోయి పెట్టె పేలిపోయింది. మెకానిక్కు వచ్చి స్విచ్చి చూపించి "ఎవరో మార్చారు" అన్నాడు. మార్చినవాణ్ణి నేనేనని ఆ క్షణాననే నాకు తెలిసింది. అందరూ ఆ కుర్రవాని వైపు చూశారు. నేను రిజిస్టరు వైపు చూశాను. మరుసటి నెల నుంచి అతణ్ణి రావద్దన్నారు. నేను నోరు విప్పలేదు. నాకు పర్మనెంటు ఉద్యోగం, మహా అయితే ఒక మెమో వచ్చేది. అతనికి పోయినది అన్నం.

కొలతలు ఎలా ఏర్పడ్డాయి

ఇటువంటి ప్రమాదాలు అన్ని దేశాలలోనూ జరిగాయి. 1995లో ఇంటెల్ కంపెనీ ఏ.టి.ఎక్స్. అనే కొత్త ఒప్పందాన్ని ప్రకటించింది. రెండు ప్లగ్గుల బదులు ఒకే వెడల్పాటి 20 పిన్నుల ప్లగ్గు వచ్చింది. దానిని తిరగేసి పెట్టడం కుదరదు. డబ్బా ముందున్న మీటలోకి 230 వోల్టులు రావడం కూడా పోయింది. మీట నొక్కితే బోర్డు పెట్టెకు సైగ చేస్తుంది, పెట్టె మేల్కొంటుంది. 2003 నుంచి ఆ ప్లగ్గు 24 పిన్నులది అయింది. ఎర్ర స్విచ్చి కూడా క్రమంగా కనుమరుగైంది. ఇప్పటి మంచి పెట్టెలు ఎంత వోల్టేజి వచ్చిందో తామే తెలుసుకొని సర్దుకుంటాయి.

ఏ.టి.ఎక్స్. పెట్టె 150 మిల్లీమీటర్ల వెడల్పు, 86 ఎత్తు, సాధారణంగా 140 పొడవు ఉంటుంది. నేను "మామూలుదే" అని కొన్నది ఇదే. 1997లో చిన్న డబ్బాల కోసం ఇంటెల్ వారే ఎస్.ఎఫ్.ఎక్స్. అనే చిన్న కొలత ప్రకటించారు. ఇది 125 వెడల్పు, 63.5 ఎత్తు, 100 పొడవు. ఘనపరిమాణం లెక్కకట్టి చూశాను. పెద్దదానిలో సగం కూడా లేదు. 2002లో టి.ఎఫ్.ఎక్స్. అనే సన్నని పొడుగాటి కొలత వచ్చింది. 85 వెడల్పు, 65 ఎత్తు, 175 పొడవు. ఇంకా సన్నని ఫ్లెక్స్ అనే రకానికి ఎత్తు 40.5 మిల్లీమీటర్లే. నా పొరపాటు వీటిలోనే ఉంది. బోర్డుకు వెళ్ళే ప్లగ్గు అన్నిటికీ ఒకటే. పెట్టె శరీరమే వేరు. ప్లగ్గు చూసి కొనడమంటే గోత్రం కలిసిందా అని అడగకుండా ఇంటిపేరు ఒక్కటి చూసి సంబంధం ఖాయం చేసుకోవడం వంటిది.

2001లో తైవాన్ దేశపు వయా కంపెనీ మినీ ఐ.టి.ఎక్స్. అనే బోర్డును తెచ్చింది. 170 మిల్లీమీటర్ల చదరం. మన ఫుల్‌స్కేప్ కాగితం వెడల్పు కూడా లేదు. అదే సంవత్సరం తైవాన్‌కే చెందిన షటిల్ కంపెనీ చెప్పుల పెట్టెను తలపించే చిన్న కంప్యూటరును అమ్మకానికి పెట్టింది. అంతకు ముందే 2000లో ఆపిల్ వారు క్యూబ్ అనే ఎనిమిది అంగుళాల పెట్టెను చేసి, కరెంటు పెట్టె లోపల పట్టక దానిని బయట తీగకు తగిలించారు. అందమైన యంత్రమే కాని ఖరీదు ఎక్కువై ఏడాదిలో ఆగిపోయింది. అంటే పేరుమోసిన కంపెనీ కూడా ఒకప్పుడు నావలెనే పెట్టెను బయట పెట్టవలసి వచ్చింది. కాకపోతే వారు దానిని మూసి పెట్టారు, నేను తెరిచి పెట్టాను.

వేడి లెక్క

అన్నీ చిన్నవవుతున్నా కరెంటు పెట్టె అంత సులభంగా చిన్నది కాకపోవడానికి కారణం వేడి. ఒక లెక్క చూడండి. కంప్యూటరుకు 100 వాట్లు కావాలి. పెట్టె సామర్థ్యం 60 శాతమే అయితే, గోడ నుంచి సుమారు 167 వాట్లు తీసుకొని 67 వాట్లు వేడి చేస్తుంది. మనం పూర్వం వాడిన 60 వాట్ల బల్బు ఆ ఇనుప పెట్టెలో రాత్రింబగళ్ళు వెలుగుతున్నట్లే. సామర్థ్యం 80 శాతమైతే తీసుకునేది 125, వేడి 25 మాత్రమే. 2004లో అమెరికాలో 80 ప్లస్ అనే గుర్తు ఏర్పడింది. ఇరవై, యాభై, నూరు శాతం భారాల మీద కనీసం 80 శాతం సామర్థ్యం ఉంటేనే ఆ గుర్తు ఇస్తారు. కరెంటు బిల్లు ఆదా కోసమని పెట్టారు. కాని వేడి తగ్గడం వల్ల చిన్న పెట్టెలు చేయడానికీ అది మేలు చేసింది. ఇప్పుడు ఎస్.ఎఫ్.ఎక్స్. కొలతలోనే వెయ్యి వాట్లు ఇచ్చేవి కూడా దొరుకుతున్నాయి. ఐ.బి.ఎం. మొదటి పెట్టె 63.5 వాట్లని జ్ఞాపకం చేసుకుంటే ఎంత దూరం వచ్చామో తెలుస్తుంది.

కొనే ముందు

రెండవసారి నేను పొరపాటు చేయలేదు. మెకానిక్కు కుర్రవాడు డబ్బా మూత తీసి ఉంచగా, టేపుతో ఖాళీని కొలిచి, మరలు పట్టే రంధ్రాల బొమ్మ కాగితం మీద గీసుకొని, పాడైన పెట్టెను సంచిలో వేసుకొని కాజీపేటలో రైలెక్కాను. సికిందరాబాదులో పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు వెళ్ళాను. మూడవ దుకాణంలో 300 వాట్ల ఎస్.ఎఫ్.ఎక్స్. దొరికింది. అక్కడి కుర్రవాడు ఓపికగా చెప్పిన సంగతులు, మీ ఇంట్లో మనుమలకు పనికివస్తాయని వ్రాస్తున్నాను.

మొదటిది, కొలత. వెడల్పు, ఎత్తు, పొడవు మూడూ కొలవాలి. పొడవుకు తీగలు వంగడానికి మరో రెండు అంగుళాలు కలపాలి. చిన్న పెట్టెను రేకు బిళ్ళ వేసి పెద్ద డబ్బాలో బిగించవచ్చు. పెద్ద పెట్టెను చిన్న డబ్బాలో ఏ విధంగానూ బిగించలేము. కొన్ని కంపెనీలు తమ కంప్యూటర్లకు తమదే అయిన వేరే ఆకారం వాడతాయి. అందుకని పాతది వెంట తీసుకెళ్ళడమే క్షేమం.

రెండవది, పైన పెద్ద అక్షరాలలో ఉన్న వాట్లు కాక, ప్రక్కన అతికించిన చిన్న పట్టీ చదవాలి. జి.ఓ. శీర్షిక చదివి ఊరుకోకుండా చివరి షరతు దాకా చదవడం మనకు అలవాటే కదా. అందులో 12 వోల్టుల వరుసలో ఎన్ని ఆంపియర్లు అన్నది చూసి 12తో గుణించాలి. 22 ఆంపియర్లయితే 264 వాట్లు. ఇప్పటి కంప్యూటరు ముఖ్యంగా తినేది ఈ వరుసలోదే. 450 అని వ్రాసి ఈ వరుసలో 16 ఆంపియర్లే ఉంటే, అసలు అక్కరకు వచ్చేది 192 వాట్లే.

మూడవది, గాలి. పెట్టె ఫ్యాను డబ్బాలో రంధ్రాలున్న వైపుకే తిరిగి ఉండాలి. దానిని గోడకు ఆనించినా, పైన కాగితాలు పెట్టినా ఊపిరి ఆడదు. మన కంప్యూటరును బీరువా అరలో మూసి ఉంచడమే మొదటి పెట్టె పోవడానికి కారణం కావచ్చునని అతడన్నాడు. ఇప్పుడు దానిని బల్ల మీద పెట్టాము.

నాలుగవది, ఆ ఇనుప పెట్టెను ఎవరూ విప్పకూడదు. తీగ పీకిన తరువాత కూడా లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా కొంతసేపు నిలిచి ఉండవచ్చు. చిన్నదే కదా అని చెయ్యి పెట్టరాదు.

చివరి మాట

అయిదవ రోజున పని మళ్ళీ మొదలైంది. నేనూ మరో సభ్యుడూ వేలిముద్ర యంత్రం, ఒక లాప్‌టాపు పట్టుకొని ఆ అమ్మగారి పల్లెకు వెళ్ళి ఆమె ఇంట్లోనే పని పూర్తిచేసి వచ్చాము. ఆమె మజ్జిగ ఇచ్చి, "మీకెందుకయ్యా ఇంత శ్రమ" అన్నారు. జవాబు చెప్పలేకపోయాను.

తరువాతి కార్యవర్గ సమావేశంలో "పెట్టె తప్పుగా వచ్చింది, ఖర్చు వ్రాయవలసింది" అని లెక్కలో చూపబోయారు. నేను లేచి, అది తప్పుగా రాలేదని, కొలవకుండా తెచ్చినది నేనని, ఆ మొత్తం నా వద్ద జమ కట్టుకోవలసిందని చెప్పి, మినిట్స్ బుక్కులో నా పేరుతోనే వ్రాయించి సంతకం చేశాను. కొందరు మిత్రులు చిన్న విషయానికి ఇంత పట్టుదల ఎందుకన్నారు. వారికి 1996 నాటి సంగతి తెలియదు. ఇప్పుడు తెలిసింది.

ఆ కుర్రవాడు ఇప్పుడు యాభై దాటి ఉంటాడు. ఎక్కడ ఉన్నాడో నాకు తెలియదు. ఈ సంచిక ఎవరి ద్వారానైనా అతని చేతికి వెళితే, ఆ ఎర్ర స్విచ్చిని జరిపినది తాను కాదని అతనికి ఎలాగూ తెలుసు. జరిపినది ఎవరో మాత్రం ఈ పుటలో ఉంది.